సెకండ్ హ్యాండ్ కారు, మన చరిత్ర

పోయిన వారం నా పాత విద్యార్థి ఒకతను మెసేజ్ పెట్టాడు. "సార్, జాబ్‌లో చేరి రెండేళ్లయింది. ఒక సెకండ్ హ్యాండ్ ఆల్టో చూసిన. మా నాయిన వద్దంటుండు. ఊరోళ్ల కండ్లు పడ్తయి, బండి తీస్కొని ఊళ్లెకు రాకు అంటుండు. ఏం చెయ్యమంటరు?"

ఈ వ్యాసాల్లో మనం ఇన్నాళ్లూ బావి గురించి, బడి గురించి, భూమి గురించి మాట్లాడుకున్నాం. బండి గురించి మాట్లాడుకోలేదు. ఆ తమ్ముడికి ఫోన్‌లో సగం జవాబు చెప్పాను. మిగతా సగం చరిత్రలో ఉంది కాబట్టి అందరికీ రాస్తున్నాను.

ముందు ఆ తండ్రి భయం సంగతి. దాన్ని పిరికితనం అనకండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జడ్ఏ) తీసి చదవండి. దళితులు, ఆదివాసులు బహిరంగ ప్రదేశాల్లో సైకిలు గానీ మోటారు సైకిలు గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరం. చెప్పులు, కొత్త బట్టలు వేసుకోకుండా అడ్డుకోవడం నేరం. పెళ్లి ఊరేగింపులో గుర్రమో మరో వాహనమో ఎక్కకుండా ఆపడం నేరం. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఎనిమిదేళ్లకు పార్లమెంటు కూర్చొని, సైకిలు ఎక్కనివ్వకపోవడం నేరం అని రాయాల్సి వచ్చింది. జరగని దానికి ఎవరూ చట్టం రాయరు. మీ నాయిన చట్టం చదివి ఉండకపోవచ్చు. కానీ ఆ చట్టం ఎందుకు రాశారో ఆయనకు మనకంటే బాగా తెలుసు.

మన తెలంగాణ పల్లెల్లో బండి అనే మాట వెనుక వెట్టి ఉంది. దొరలు, అధికార్లు కచ్చడం బండ్లలో పోతుంటే వెట్టి చేసే కులాల మనుషులు బండికి ముందొకరు, వెనకొకరు ఉరికేవాళ్లు. దారి తొలగించడానికి, కాపలా కాయడానికి. పల్లకీలు, మేనాలు మోసింది కూడా వాళ్లే. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ వెట్టి రకాలన్నీ కులం వారీగా నమోదు చేశారు. మాదిగలు చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాను ఉత్తగనే ఇచ్చుకోవాలి. ఎద్దు మెడకు కట్టే తోలు మనది, దారి పక్కన ఉరికిన కాళ్లు మనవి. బండి మీద కూర్చున్నది మాత్రం ఇంకొకరు.

డబ్బు ఉంటే కూర్చోవచ్చు కదా అంటారా? అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న రెండు సంఘటనలు చూడండి.

మొదటిది 1901. ఆయనకు పదేళ్లు. తండ్రి కోరేగావ్‌లో క్యాషియర్. వేసవి సెలవులకు రమ్మన్నాడు. అన్న, ఇద్దరు మేనల్లుళ్లతో కలిసి పిల్లలు కొత్త బట్టలు వేసుకొని సతారా నుంచి రైల్లో మసూర్ స్టేషన్‌లో దిగారు. పిల్లలు వస్తున్నట్టు తండ్రికి ఉత్తరం అందలేదు. స్టేషన్ మాస్టర్ మీరెవరని అడిగితే మహార్లమని చెప్పారు. అంతే, అక్కడున్న బండ్లవాళ్లలో ఒక్కడూ ముందుకు రాలేదు. చేతిలో డబ్బులున్నాయి, బండ్లున్నాయి, ఎక్కించుకునేవాడు లేడు. చివరికి కుదిరిన బేరం ఏమిటంటే, రెట్టింపు కిరాయి ఇవ్వాలి, బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడిచి వస్తాడు. ఆ రాత్రి వాళ్ల దగ్గర అన్నం ఉంది, దారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు.

రెండోది 1929. అప్పటికి ఆయన డాక్టర్ అంబేద్కర్, బారిస్టర్, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. చాలీస్‌గావ్‌లో మహార్లు తమ వాడకు తీసుకుపోతామన్నారు. టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకొని తోలడానికి ఒప్పుకోలేదు. టాంగా అద్దెకిస్తాం, తోలం అన్నారు. అంత పెద్ద మనిషిని నడిపించి తీసుకుపోవడం వాడవాళ్లకు చిన్నతనంగా అనిపించింది. తోలడం రాని తమ మనిషినే పగ్గాలు పట్టించి కూర్చోబెట్టారు. వాగు మీది వంతెన దగ్గర బండి అదుపు తప్పింది. అంబేద్కర్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. గుర్రం, టాంగా వాగులో పడ్డాయి. తర్వాత ఆయన ఆ వాడవాళ్లను తిట్టలేదు. కానీ ఒక మాట సూటిగా రాశారు. నా గౌరవం కాపాడాలని చూసి వాళ్లు నా ప్రాణాన్నే ప్రమాదంలో పెట్టారు అన్నది దాని సారాంశం.

ఈ రెండో సంఘటన మీద ఎక్కువసేపు ఆగండి. నా వ్యాసానికి ఇదే మూలం. టాంగావాళ్ల కులపిచ్చి గురించి మనం చాలాసార్లు మాట్లాడాం. రెండో ముక్క గురించి మాట్లాడం. గౌరవం కోసం బండి తెచ్చుకున్నాం, ఆ బండి ఎట్లా నడుస్తుందో నేర్చుకోలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ కేరళలో ఉంది. 1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యంకాళి విల్లువండి అనే ఎడ్లబండి కొన్నాడు. తలపాగా చుట్టి, పై బట్ట వేసుకొని, పులయలు నడవకూడదన్న రాజబాట మీద ఆ బండిని తానే తోలుకుంటూ పోయాడు. అడ్డం వచ్చినవాళ్లను ఎదిరించాడు. బండి ఆయనది, తోలడం ఆయనకు వచ్చు, బాట మీద హక్కు ఆయన తీసుకున్నాడు. ఈ మూడూ కలిసినప్పుడే అది తిరుగుబాటు అయింది.

ఇప్పుడు కారుకి వద్దాం. ఈ దేశంలో చాలాకాలం కారు అంటే అంబాసిడర్, లేకపోతే ప్రీమియర్ పద్మిని. బుక్ చేస్తే ఏళ్ల తరబడి ఎదురుచూపు. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు హర్పాల్ సింగ్ అనే ఉద్యోగి చేతికిచ్చారు. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజన్, ధర 50 వేల లోపు. 2014 జనవరిలో ఆపేసేదాకా ఆ కారు ఈ దేశంలో 25 లక్షలకు పైగా అమ్ముడైంది. 'మధ్యతరగతి కల' అని పత్రికలు రాసేది దీని గురించే. 2011 జనాభా లెక్కల నాటికి కూడా కారు, జీపు లేదా వ్యాను ఉన్న కుటుంబాలు దేశంలో 4.7 శాతమే. ఆ కల కన్నవాళ్లు ఎంతమంది, దాన్ని తోలినవాళ్లు ఎంతమంది అన్నది ఈ లెక్కే చెబుతుంది.

నేను చూసినంతలో మన వాడల్లోకి ఆ కారు షోరూం నుంచి రాలేదు. మూడో చేతికో నాలుగో చేతికో వచ్చింది. రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చిన టీచరు, బ్యాంకు క్లర్కు, కండక్టరు కొన్నారు. రంగు వెలిసిన 800, పాత ఆల్టో, పాత శాంత్రో. అది హోదా కోసమే అని వెక్కిరించినవాళ్లను నేనెరుగుదును. మా వాడలో అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఊళ్లోకి పోయి, జీపున్న ఇంటి ముందు చేతులు కట్టుకొని నిలబడాలి. ఆయన నిద్ర లేవాలి, మనసు రావాలి. మా వాడకు మొదటి పాత కారు వచ్చిన తర్వాత ఆ నిలబడటం ఆగిపోయింది. హోదా అంటే అదే అయితే, అవును, హోదా కోసమే.

ఇక నా సంగతి. 2019లో నేను 2011 మోడల్ ఆల్టో లక్షా ముప్పై అయిదు వేలకు కొన్నాను. అమ్మినాయన ఇంజన్ గురించి చెప్పిన దానికంటే నా ఊరు, ఇంటి పేరు గురించి ఎక్కువ అడిగాడు. నేనూ ఇంజన్ గురించి ఏమీ అడగలేదు. రంగు మెరుస్తోంది, ఏసీ పనిచేస్తోంది, చాలనుకున్నాను. డ్యాష్‌బోర్డు మీద బాబాసాహెబ్ బొమ్మ పెట్టి, అద్దం మీద నీలం స్టిక్కర్ వేసి ఊరికి పోయాను. రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకొని చెరువు కట్ట దిగుతున్నాను. బ్రేక్ తొక్కితే పెడల్ నేల దాకా పోయింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, కట్ట కింద తుమ్మ చెట్టు దగ్గర ఆపగలిగాను. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. "గిక్కడెందుకు ఆపినవ్ బిడ్డా?" అంది.

మెకానిక్ భాయ్ వెనక చక్రం విప్పి చూపించాడు. వీల్ సిలిండర్ లీకై, బ్రేక్ ఫ్లూయిడ్ డ్రమ్ము లోపలంతా కారి ఉంది. "సార్, గిది ఒక్కరోజుల కాలే. ఫ్లూయిడ్ డబ్బా మూత తీసి ఎప్పుడన్న చూసిన్రా?" అన్నాడు. చూడలేదు. ఆ డబ్బా ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలీస్‌గావ్ పేజీలు మళ్లీ చదివాను.

అందుకే తమ్ముడికి చెప్పింది మీకూ చెబుతున్నాను.

కొనేముందు కారును పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడండి. మీరు పోయేసరికే స్టార్ట్ చేసి వేడెక్కించి పెడితే ఎందుకని అడగండి. పొగ చూడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ ఎంతసేపటికీ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ పోసే మూత తిప్పి చూడండి, లోపల మీగడలాంటి తెల్లటి నురగ ఉంటే ఆ బండి వదిలేయండి. కింది మ్యాట్లు ఎత్తి తుప్పు చూడండి. మీటరు నలభై వేలు చూపిస్తూ పెడల్ రబ్బర్లు, స్టీరింగు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మకండి, సర్వీస్ రికార్డు అడగండి. టైరు మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. టైరు ఎంత అరిగిందో దానితో పాటు ఎంత పాతదో కూడా చూడాలి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోండి, ఆయన కూలి ఆయనకివ్వండి. మొహమాటపడి ఎవరి మాటో నమ్మి కొనకండి.

కారు ధరలో అయిదో వంతు విడిగా పక్కన పెట్టుకున్నాకే బేరం ఆడండి. పాత బండి మొదటి ఏడాదిలో ఆ డబ్బు అడుగుతుంది. పది వేల కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోయకండి, తుప్పు పడుతుంది. 800, పాత ఆల్టో ఇంజన్లలో టైమింగ్ బెల్టు రబ్బరుది. అది తెగితే ఇంజన్ నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఎప్పుడు మార్చారో అమ్మేవాడు చెప్పలేకపోతే కొన్న వెంటనే మార్చండి.

చివరిది కాగితం. మన ఇళ్లలో తెల్లకాగితం మీద భూమి కొని, సాదా బైనామా చేతబట్టుకొని, పట్టా ఇంకొకరి పేరు మీదే ఉండిపోయి ఏళ్లపాటు తిరిగినవాళ్లున్నారు. కారు విషయంలో కూడా అదే జరుగుతుంది. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతికిచ్చి "మీరెప్పుడైనా మార్చుకోండి" అంటారు. ఒప్పుకోకండి. ఫారం 29, ఫారం 30 నింపి ఆర్సీ మీ పేరు మీదికి మార్పించుకోండి. అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతుంది. పాత లోను ఉంటే ఫారం 35, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 కింద ఎన్ఓసీ అడగండి. ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు పెట్టండి. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో సరిపోల్చుకోండి.

ఇది అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది. చట్టం దృష్టిలో యజమాని అంటే రిజిస్ట్రేషన్‌లో పేరున్న మనిషి. పేరు మార్చకుండా చేతులు మారుతూ పోయిన ఒక బండి కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదే. రేపు మీరు ఈ కారు అమ్మినప్పుడు కూడా ఆర్సీ మారేదాకా వదిలిపెట్టకండి.

తమ్ముడికి చివరగా చెప్పింది ఇది. నాయినను ఎదిరించి కొనకు. కారు చూడటానికి ఆయన్ని వెంట తీసుకుపో. మూతలు తిప్పుతున్నప్పుడు, కాగితాలు అడుగుతున్నప్పుడు పక్కన నిలబెట్టుకో. తన కొడుకు ఎవరినీ బతిమాలకుండా ప్రశ్నలు అడగడం ఆయన చూడాలి. ఊళ్లోకి పోయినరోజు ఎవరైనా అడ్డుపడితే సెక్షన్ నంబరు పైన రాశాను, అప్పుడు మనమంతా ఉన్నాం. కానీ బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత మాత్రం నువ్వే తీసి చూసుకోవాలి.

నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది. ఆదివారం పొద్దున ఆరు గంటలకు తండ్రీకొడుకులిద్దరూ ఒక ఆల్టో చూడటానికి పోతున్నారట. "ఇంజన్ సల్లగున్నప్పుడే పోవాలె" అని తొందరపెడుతున్నది నాయినేనట.

జై భీమ్.