జింబాబ్వేలో అసత్యవార్త నేరం

జింబాబ్వే పత్రికా చరిత్రను పాలకుల మార్పును బట్టి విభజించడం వాడుకే అయినా, అక్కడి విలేకరులను ఆరు దశాబ్దాలుగా వెంటాడుతున్నది ప్రధానంగా ఒకే నేరభావన: ప్రజల్లో భయాందోళనలు రేపగల అసత్యాన్ని ప్రచురించడం. దేశం దక్షిణ రొడీషియాగా ఉన్న కాలంలో, ఆఫ్రికన్ జాతీయోద్యమాన్ని అణచడానికి తెల్లజాతి ప్రభుత్వం 1960లో చేసిన శాంతిభద్రతల చట్టం ఈ నేరానికి ఆధారం. ఆఫ్రికన్ పాఠకుల ఆదరణ పొందిన డైలీ న్యూస్ 1964లో నిషేధానికి గురైంది. మరుసటి ఏడాది నవంబరు 11న ప్రధాని ఇయాన్ స్మిత్ బ్రిటన్‌తో నిమిత్తం లేకుండా ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించాక ముందస్తు సెన్సారు, అంటే అచ్చుకు పోకముందే వార్తను తనిఖీ చేసే పద్ధతి, అమలులోకి రాగా, అధికారులు కొట్టివేసిన చోట్లను రొడీషియా హెరాల్డ్ ఖాళీగానే ముద్రించి పాఠకుల ముందుంచింది.

1980లో అసలైన స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టం పోలేదు. కొత్త పాలకులకూ అది పనికివచ్చింది. మంత్రులు విల్లోవేల్ కర్మాగారపు కార్లను పలుకుబడితో కొని అధిక ధరకు అమ్ముకుంటున్నారని 1988లో బులవాయో నగరపు క్రానికల్ పత్రిక బయటపెట్టింది. విచారణ సంఘం ముందు ఆరోపణలు నిలిచి మంత్రులు రాజీనామా చేయవలసి వచ్చినా, సంపాదకుడు జెఫ్రీ న్యారోటా కూడా తన పదవిలో మిగలలేదు. 1999 జనవరిలో, సైన్యంలో తిరుగుబాటు యత్నం జరిగిందని రాసినందుకు ది స్టాండర్డ్ పత్రికకు చెందిన మార్క్ చవుండుకా, రే చోటోలను సైన్యం నిర్బంధించి చిత్రహింసలు పెట్టింది. వారిపై మోపిన అసత్యవార్త నేరం రాజ్యాంగవిరుద్ధమని 2000లో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

తీర్పు వెలువడిన రెండేళ్లకే, 2002లో, ఆ నేరం ప్రజాభద్రతా చట్టంలో తిరిగి చోటుచేసుకుంది. అదే ఏడాది వచ్చిన మరో చట్టం ప్రతి పత్రికా, ప్రతి విలేకరీ ప్రభుత్వ సంఘం వద్ద నమోదు కావాలని శాసించింది. న్యారోటా 1999లో డైలీ న్యూస్ అన్న పాత పేరుతోనే స్థాపించిన దినపత్రిక 2001 జనవరిలో ముద్రణాయంత్రాన్ని బాంబు పేల్చివేసినా ఆగలేదు. 2003 సెప్టెంబరులో మాత్రం నమోదు లేదన్న కారణంతో మూతపడింది. బాంబు చేయలేని పనిని దరఖాస్తు ఫారం చేసిందంటే, లైసెన్సు విధానం ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది.

వార్త కాగితం నుంచి ఫోనుకు మారేసరికి నిఘా కూడా అక్కడికే చేరింది. సంభాషణలను, సందేశాలను దారిలోనే పట్టుకుని వినడానికి వీలిచ్చే 2007 నాటి చట్టం, అందుకు కావలసిన వారంటు జారీ చేసే అధికారాన్ని న్యాయమూర్తికి కాక మంత్రికి అప్పగించింది. 2019 జనవరిలో ఇంధన ధరల పెంపుపై నిరసనలు చెలరేగినప్పుడు ఇంటర్నెట్‌ను నిలిపివేయడానికీ దీన్నే వాడగా, అలా ఆదేశించే అధికారం భద్రతా వ్యవహారాల మంత్రికి లేదని హైకోర్టు తేల్చింది. కోవిడ్ సామగ్రి కొనుగోళ్లలో అవినీతిని బయటపెట్టిన విలేకరి హోప్‌వెల్ చినోనోను 2020 జూలైలో ట్విట్టర్ రాతల ఆధారంగా నిర్బంధించారు. 2021 జనవరిలో ఆయనపై మళ్లీ అసత్యవార్త నేరమే మోపారు; అయితే ప్రజాభద్రతా చట్టం నుంచి శిక్షాస్మృతిలోకి మారిన ఆ నిబంధనను రాజ్యాంగ న్యాయస్థానం 2014లోనే రద్దు చేసినందున, లేని చట్టం కింద అభియోగం చెల్లదని ఏప్రిల్‌లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది.

అదే ఏడాది డిసెంబరులో వచ్చిన సైబర్, డేటా పరిరక్షణ చట్టం, హాని తలపెట్టి అసత్య డిజిటల్ సందేశాలు పంపడాన్ని ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం చేసింది. వార్తామూలాల గోప్యతకు 2013 రాజ్యాంగపు 61వ అధికరణం రక్షణ కల్పిస్తున్నా, అరెస్టుతో పాటే ఫోను పోలీసుల చేతికి పోతే ఆ రక్షణ కాగితానికే పరిమితమవుతుంది. సందేశాన్ని పంపినవారూ అందుకున్నవారూ తప్ప ఇతరులు చదవలేని సంకేతరూపంలోకి మార్చే ఎన్‌క్రిప్షన్ దాన్ని దారిలోనే కాపాడగలదు గాని, తెరిచిన ఫోనులో కాపాడలేదు. 2025లో, అధ్యక్షుణ్ణి విమర్శించిన ఒక మాజీ సమరయోధుడి మాటలను ప్రసారం చేసినందుకు బ్లెస్డ్ మ్లాంగా అనే విలేకరిని హింసకు ప్రేరేపించే సందేశాల నేరం కింద అరెస్టు చేయగా, బెయిలు కోసం ఆయన 72 రోజులు జైల్లో గడపవలసి వచ్చింది.