ఒంటరివాని గది

మన నాయుడుపేటలో పనికై వచ్చిన బ్రహ్మచారి అద్దెకు గది అడిగితే ఇంటివారు ముందు సందేహిస్తారు. మన దేశంలో ఒకప్పుడు ఒంటరివాని కొరకే కొండను తొలిచారు. ఏలూరు జిల్లా కామవరపుకోట సమీపమున గుంటుపల్లిలో క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నాటి బౌద్ధవిహారములున్నవి. గది చిన్నది, ద్వారము చిన్నది. దానిపై కొయ్యతోరణమును పోలిన రాతిచెక్కడము. శిల్పి రాతిని చెక్కుతూ కూడ వడ్రంగి పనిని మరువలేదు. ప్రక్కనున్న వర్తులాకార చైత్యగుహ కప్పులోనూ వాసములను రాతిలోనే మలిచాడు. ఆ గుహలోని స్తూపమును మనవారు ధర్మలింగేశ్వరుడని కొలుస్తూ వచ్చినారు. ఇది గమనింపదగినది.

గది ఇంత చిన్నదేల? భిక్షువు సంచారి. వర్షాకాలముననే ఒకచోట నిలువవలెనని నియమము. మన యతుల చాతుర్మాస్యమూ ఇట్టిదే. వానలో మొలకలను, పురుగులను త్రొక్కరాదు గదా! మూడు వస్త్రములు, భిక్షాపాత్ర గలవానికి అంతకు మించిన చోటేల?

అయినను ఆతడు ఏకాకి కాడు. గోడకావల మరొక భిక్షువు, ఎదుట చైత్యము, కొండక్రింద అన్నము పెట్టే గ్రామము. నేటి యువకునికి గది దొరికినా ఈ మూడూ దొరకుట అరుదు.

నాగార్జునకొండ విహారములలోనూ ఇట్టి వరుస గదులే ఉండెడివి. 1954 నుండి 1960 వరకు త్రవ్వకములు జరిగిన పిమ్మట ఆ లోయ సాగరజలములలో మునిగినది. గుంటుపల్లి గదులు మాత్రము కొండపై నిలిచియున్నవి.