వాంకెల్ ఇంజనుకు కారు వెతికిన కథ

మోటారు కార్లు తయారుచేసేవారు సాధారణంగా ముందు కారును గురించి ఆలోచిస్తారు. అది ఎంతమందిని మోయాలి, ఎంత వేగంగా పోవాలి, ఎంత ధరకు అమ్ముడుపోవాలి అన్నవి తేలిన తరువాత దానికి తగిన ఇంజనును ఎన్నుకొంటారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఒక్క ఇంజను విషయంలో మాత్రం ఈ వరుస తారుమారై, పందిరి ముందు వేసి సంబంధం తరువాత వెతికినట్లయినది. ఇంజను సిద్ధంగా ఉన్నది. అందరూ దానిని మెచ్చుకొన్నారు. కాని దానిని ఏ కారులో పెట్టాలన్నది తేలలేదు. జర్మనీ, జపాను, ఫ్రాన్సు, అమెరికా, సోవియట్ యూనియను దేశాల కంపెనీలు ఈ ప్రశ్నకు తలకొక జవాబు చెప్పినవి. ఆ జవాబులలో ఒకటి ఒక కంపెనీ స్వాతంత్ర్యాన్నే హరించినది. ఇంకొకటి మరొక కంపెనీని దివాలా అంచుదాకా తీసుకొనిపోయినది.

మనకు అలవాటైన ఇంజనులో పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. పాఠ్యపుస్తకాలు దానికి ముషలకమని పేరు పెట్టినవి. ముసలమంటే రోకలి కనుక పేరు చక్కగా అతికినది. వడ్లు దంచడం చూసినవారికి ఇందులోని చిక్కు తెలుసు. పైకి లేచిన రోకలి ఒక క్షణం ఆగి కిందికి రావాలి. కిందికి వచ్చినది మళ్లీ ఆగి పైకి పోవాలి. నిమిషానికి కొన్ని వేలసార్లు ఇట్లా ఆగి దిశ మార్చుకోవలసి రావడం వల్లనే ఇంజను అదురుతుంది. తిరగలికి ఈ బాధ లేదు. అది ఒకే దిక్కుగా తిరుగుతూ పోతుంది. రోకలి వంటి యంత్రానికి బదులు తిరగలి వంటి యంత్రం ఉండరాదా అన్న ఆలోచన చాలా పాతది. ఆవిరియంత్రాన్ని మెరుగుపరచి పేరుపొందిన జేమ్స్ వాట్ కూడా 1769 నాటి తన పేటెంటులో తిరిగే ఆవిరి చక్రాన్ని ప్రస్తావించినాడు.

ఈ ఆలోచనను పెట్రోలు ఇంజనులో నెరవేర్చినవాడు ఫెలిక్స్ వాంకెల్. ఆయన 1902లో జర్మనీలోని లార్ పట్టణంలో పుట్టినాడు. విశ్వవిద్యాలయంలో చదువుకొన్నవాడు కాడు. చూపు మందమైనందున కారు నడిపే లైసెన్సు సైతం ఆయనకు ఎన్నడూ లేదు! 1929లో తిరిగే ఇంజనుకు తొలి పేటెంటు పొందినాడు. 1951 నుండి నెకార్‌సుల్మ్ పట్టణంలోని ఎన్‌.ఎస్‌.యు. అనే కంపెనీతో కలిసి పనిచేసినాడు. 1957 ఫిబ్రవరి 1వ తేదీన ఆయన నమూనా ఇంజను మొదటిసారి నడిచినది. అందులో లోపలి రోటరూ, దాని చుట్టూ ఉన్న పెట్టె రెండూ తిరిగేవి. చూడటానికి వింతగానే ఉండేది కాని, స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజనంతా విప్పవలసి వచ్చేది. అందువల్ల ఆ కంపెనీ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె పెట్టెను కదలకుండా నిలిపి, రోటరు మాత్రమే తిరిగే మరొక రూపాన్ని తయారుచేసినాడు. తన పందెపు గుర్రాన్ని నాగలికి కట్టినారని వాంకెల్ నొచ్చుకొన్నాడంటారు. ఏమైనా కార్లలోకి వచ్చినది ఆ రెండవ రూపమే.

దాని పని ఇట్లా ఉంటుంది. పెట్టె లోపలి ఆకారం నడుము వద్ద కొంచెం నొక్కిన కోడిగుడ్డు వంటిది. అందులో అంచులు ఉబ్బిన ముక్కోణపు రోటరు తిరుగుతుంది. దాని మూడు కొనలూ గోడను ఎల్లప్పుడూ తాకుతూనే ఉంటాయి. కనుక గోడకూ రోటరుకూ మధ్య మూడు గదులు ఏర్పడి, ఒక్కొక్కటి పెద్దదవుతూ చిన్నదవుతూ పెట్టె చుట్టూ తిరుగుతుంది. గాలి, పెట్రోలు ఆవిరి ఒకచోట లోపలికి వస్తాయి, మరొకచోట అదుముకొంటాయి, ఇంకొకచోట మండుతాయి, చివరకు పొగ బయటికి పోతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేలోగా దాని నడుమనున్న ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది. లెక్కల ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపవచ్చు. 2 అంగుళాల వ్యాసార్ధం గల అట్టబిళ్లను బల్లకు అంటించి, లోపలి వ్యాసార్ధం 3 అంగుళాలుండే వెడల్పాటి అట్టవలయాన్ని దాని చుట్టూ జారకుండా దొర్లించండి. వలయం వెలుపలి అంచు దగ్గర ఒక రంధ్రం చేసి పెన్సిలు దూర్చితే, కాగితం మీద ఆ నొక్కిన గుడ్డు ఆకారమే పడుతుంది. ఇంజనులోని పళ్లచక్రాల నిష్పత్తి కూడా ఇదే, 3కు 2.

ఇక గుణదోషాలు. ఈ ఇంజను చిన్నది, తేలికైనది, అదురు దాదాపు లేదు, కవాటాలు లేవు, కదిలే భాగాలు చాలా తక్కువ. అధిక వేగంలో హాయిగా తిరుగుతుంది. కాని మంట పుట్టే గది పొడుగ్గా, పలుచగా ఉండటం వల్ల వేడి గోడలకు పోతుంది, ఇంధనం కొంత మండకుండానే బయటపడుతుంది. కనుక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మామూలు సిలిండరులో చల్లని గాలి వచ్చిన చోటనే మంట కూడా పుడుతుంది. ఇక్కడ పెట్టెలో ఒక వైపు ఎప్పుడూ మంట, మరొక వైపు ఎప్పుడూ చల్లగాలి. కొనల వద్ద గాలి జారిపోకుండా బిగించిన పట్టీలు గోడను రాచుకొంటూ అరుగుతాయి. తక్కువ వేగంలో తిప్పే బలం చాలదు. ఈ గుణాలన్నీ ఒక కారులో వరాలు, మరొక కారులో శాపాలు. కాని 1960 ప్రాంతంలో అందరి కళ్లూ వరాలమీదనే ఉన్నవి.

ఎన్‌.ఎస్‌.యు. తొలి ఎంపిక జాగ్రత్తగానే చేసినది. తన దగ్గర అప్పటికే ఉన్న స్పోర్ట్ ప్రింజ్ అనే చిన్న కారును తీసుకొని, పైకప్పు తొలగించి, వెనుకనున్న రెండు సిలిండర్ల ఇంజనుకు బదులు ఒకే రోటరు గల వాంకెల్ ఇంజనును అమర్చినది. 1964లో అమ్మకానికి వచ్చిన ఈ స్పైడర్ కారు ఇంజను 50 అశ్వశక్తులది. మూడేళ్లలో 2,400 కార్లు కూడా తయారు కాలేదు. అయితే అది ప్రయోగం. తప్పులు దొరికినా నష్టం చిన్నది.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. 1967లో అదే కంపెనీ రో 80 అనే పెద్ద కుటుంబపు కారును విడుదల చేసినది. రెండు రోటర్లు, 115 అశ్వశక్తులు. క్లాస్ లూథె గీసిన దాని రూపం ఆనాటి కార్లకన్న ఇరవై ఏళ్లు ముందున్నదనవచ్చు. ఇంజను చిన్నది కనుక ముక్కు అంత కిందికి వంగగలిగినది. గాలి దానిమీదుగా సునాయాసంగా జారిపోయేది. 1968 సంవత్సరానికి ఐరోపాలో మేటి కారుగా బహుమతి కూడా వచ్చినది. అంతలోనే ఇంజనులు రావడం మొదలైనవి, బాగుచేయమని కంపెనీకి తిరిగి. కొనపట్టీలు అరిగిపోయి, 50,000 కిలోమీటర్లు తిరగకముందే చాలా ఇంజనులు మార్చవలసి వచ్చినవి. అదురు లేదు కనుక ఇంజను హద్దు మీరి తిరుగుతున్నదని నడిపేవారికి తెలిసేది కాదు. ఇంజనుకున్న సుగుణమే దానికి హాని చేసినది. రో 80 గలవారు దారిలో ఎదురుపడినప్పుడు ఎన్నవ ఇంజనో వేళ్లతో చూపుకొనేవారని ఒక హాస్యోక్తి వ్యాపించినది. కంపెనీ ఉదారంగా ఉచితంగా ఇంజనులు మార్చి ఇచ్చినది. ఆ ఉదారతే దాని నడుము విరిచినది. 1969లో ఫోక్స్‌వాగన్ సంస్థ దానిని కలుపుకొన్నది. రో 80 తయారీ 1977 వరకు సాగినా, మొత్తం 37,000 చిల్లరతో ముగిసినది.

నా ఉద్దేశంలో తప్పు ఇంజనుదీ కాదు, కారుదీ కాదు. రెండూ విడివిడిగా గొప్పవే. నెమ్మదిగా ఊరిలో తిరుగుతూ ఏళ్లతరబడి మరమ్మతు లేకుండా నడవాలని కోరే కుటుంబానికి, ఇంకా పసితనం వదలని ఇంజనును అంటగట్టడమే పొరపాటు.

జపానులో కథ వేరుగా నడిచినది. హిరోషిమాలోని తోయో కోగ్యో, అంటే మజ్దా కార్లు తయారుచేసే కంపెనీ, 1961లో లైసెన్సు కొన్నది. కెనిచి యామమోతో నాయకత్వాన 47 మంది ఇంజనీర్లు కొనపట్టీల సమస్యతో ఏళ్లతరబడి పెనుగులాడినారు. పెట్టె లోపలి గోడమీద అలలవలె పడే గీతలను వారు దయ్యపు గోళ్ల గీతలనేవారు. అల్యూమినియం పట్టించిన కర్బనపు పట్టీలతో ఆ దయ్యం వదిలినది. తరువాత వారు ఎన్నుకొన్న కారు 1967 నాటి కాస్మో స్పోర్ట్. ఇద్దరు కూర్చునే పందెపు తరహా కారు. అయిదేళ్లలో 1,200 లోపే చేసినారు. కొద్దిమంది కొనేది, ఇష్టపడి కొనేది. పసి ఇంజనుకు అది తగిన ఇల్లు.

విజయం వచ్చిన తరువాత మజ్దా కూడా నిగ్రహం కోల్పోయినది. కుటుంబపు కార్లలో, సామాను మోసే చిన్న ట్రక్కులో, చివరకు 1974లో ఒక బస్సులో కూడా రోటరీ ఇంజనే! బస్సుకు కావలసినది తక్కువ వేగంలో బరువు లాగే బలం, తక్కువ ఇంధనం. ఈ రెండూ లేని ఇంజనును అందులో పెట్టడం పందెపు కోడెను గానుగకు కట్టడం వంటిదే. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చినది. అమెరికా ప్రభుత్వ పరీక్షలలో మజ్దా రోటరీ కార్లు పట్టణంలో గాలనుకు 11 మైళ్ల లోపే పోతాయని తేలగా, అక్కడి అమ్మకాలు మరుసటి ఏడు దాదాపు సగానికి పడిపోయినవి. సుమితోమో బ్యాంకు ఆదుకోకపోతే కంపెనీ నిలిచేది కాదు.

విచిత్రమైనది అమెరికా అనుభవం. జనరల్ మోటార్స్ 1970లో 5 కోట్ల డాలర్ల లైసెన్సు ఒప్పందం చేసుకొన్నది. ఆ ఇంజనును కొని వాడుకొందామని అమెరికన్ మోటార్స్ అనే చిన్న కంపెనీ పేసర్ అనే కారును గీయించినది. పొట్టి ముక్కు, వెడల్పాటి ఒళ్లు, నాలుగు వైపులా అద్దాలు. కుడి తలుపు ఎడమ తలుపుకంటే 4 అంగుళాలు పొడుగు. ముక్కు పొట్టిదైనది రాబోయే ఇంజను చిన్నదన్న నమ్మకంతో. 1974లో జనరల్ మోటార్స్ పెట్రోలు ఖర్చుకూ, పొగ కాలుష్యపు నిబంధనలకూ భయపడి రోటరీ పథకాన్ని వాయిదా వేసినది. అది మళ్లీ లేవలేదు. కారు తయారు, ఇంజను లేదు! అమెరికన్ మోటార్స్ తన పాత ఆరు సిలిండర్ల పొడుగాటి ఇంజనునే అందులో ఇరికించవలసి వచ్చినది. ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్యనున్న రేకుగోడను మార్చినారు; ఇంజను వెనుక కొస ముందు అద్దం కిందికి దూరినది. 1975లో వెలువడిన పేసర్ మొదట బాగానే అమ్ముడుపోయినా, చిన్నకారు రూపంలో పెద్దకారు బరువు, పెద్దకారు పెట్రోలు ఖర్చు ఉండటంతో 1980 మోడలుతో ఆగిపోయినది.

ఫ్రాన్సులో సిత్రోయెన్ కంపెనీ సరిగ్గా 1973లో రోటరీ కారును బయటపెట్టి, 847 చేసి, తరువాత చాలావాటిని తానే తిరిగి కొని తుక్కు చేసినది. సోవియట్ యూనియనులో లాడా కార్లకు రోటరీ ఇంజనులు పెట్టి ముఖ్యంగా పోలీసులకు, భద్రతా శాఖకు ఇచ్చినారు. ఇది తెలివైన ఎంపిక అనే చెప్పాలి. వారికి వేగం ముఖ్యం, పెట్రోలు ఖర్చు ప్రభుత్వానిది!

మజ్దా తన గుణపాఠాన్ని 1978లో ఆర్‌.ఎక్స్‌. 7 కారులో చూపినది. ఈసారి ఇంజనును కారులో ఇరికించలేదు. ఇంజను గుణాలనుబట్టి కారును ఎన్నుకొన్నారు. కారు తేలికైనది, బరువు ఒక టన్ను ప్రాంతం. కనుక తక్కువ వేగంలో బలం చాలదన్న లోటు అంతగా కనిపించదు. ఇంజను పొట్టిది కనుక దానిని ముందు చక్రాల ఇరుసుకు వెనుకగా జరిపినారు. బరువు ముందు వెనుకలకు దాదాపు సమంగా పంచుకొన్నది. మలుపులలో కారు మాట వింటుంది. కొనేవాడు వేగం కోరి వచ్చినవాడు గనుక పెట్రోలు లెక్క అంత గట్టిగా అడగడు. 2002 వరకు మూడు తరాలలో 8 లక్షలకు పైగా ఆర్‌.ఎక్స్‌. 7 కార్లు తయారైనవి. 1991లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మజ్దా 787బి మొదటి స్థానం పొందినది.

పాత ఆర్‌.ఎక్స్‌. 7 ఇంజనులను తీసి ఇతర కార్లలో అమర్చుకొనే ఔత్సాహికులు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, పోర్టోరికో వంటి చోట్ల చాలామంది ఉన్నారు. వారి ఎంపికలో పై చరిత్రంతా దాగి ఉన్నది. మొదట బరువు చూస్తారు. తేలికైన వెనుకచక్రాల కారు కావాలి. ముక్కులో పెద్ద రేడియేటరుకు, నూనెను చల్లార్చే రెండవ రేడియేటరుకు చోటు ఉన్నదా అని చూస్తారు, ఎందుకంటే ఈ ఇంజను వేడిలో గణనీయమైన భాగాన్ని నూనె మోస్తుంది. పొగగొట్టం విపరీతంగా కాలుతుంది కనుక దాని దారిలో పెట్రోలు గొట్టాలు, తీగలు ఉండరాదు. వెనుక ఇరుసులోని పళ్లచక్రాల నిష్పత్తి అధిక వేగానికి తగినదై ఉండాలి. మజ్దావారి చిన్న కారు ఎం.ఎక్స్‌. 5 వీటన్నిటికీ ఇంచుమించు సరిపోతుంది గనుక దానిని ఎన్నుకొనేవారు ఎక్కువ.

దీనికి సరిగ్గా ఎదురు పని బ్రిటనులో జరిగినది. రోటరీ ఇంజను చెడిపోయిన రో 80 కార్లను పారవేయలేక, కొందరు వాటిలో ఫోర్డు కంపెనీ నాలుగు సిలిండర్ల వి ఆకారపు ఇంజనును పెట్టించుకొన్నారు. ఆ పొట్టి ముక్కులో పట్టే మామూలు ఇంజను అదొక్కటే దొరికినది. అది అదురుతుంది, గరగరలాడుతుంది. అయినా కారు నడిచినది.

మజ్దా 2012లో ఆర్‌.ఎక్స్‌. 8 కారు తయారీ ముగించిన తరువాత పదేళ్లకు పైగా రోటరీ ఇంజను గల కారు ఏదీ చేయలేదు. 2023లో ఎం.ఎక్స్‌. 30 ఆర్‌-ఇ.వి. అనే విద్యుత్కారుతో అది మళ్లీ వచ్చినది. 830 ఘన సెంటీమీటర్ల ఒకే రోటరు. చక్రాలతో దానికి సంబంధం లేదు. విద్యుత్తు పుట్టించి బ్యాటరీకి ఇవ్వడమే దాని పని. తక్కువ వేగంలో బరువు లాగవలసిన అవసరం దానికిప్పుడు లేదు, విద్యుత్ మోటారే ఆ పని చూసుకొంటుంది. చిన్నదిగా, అదురు లేకుండా ఉండటం చాలు. పెట్రోలు మాత్రం ఇప్పటికీ కొంచెం ఎక్కువే తాగుతుంది.