మలేరియా: గాలిపై పడిన నింద

ఇటాలియన్ భాషలో ‘మాల’ అంటే చెడ్డది, ‘ఆరియా’ అంటే గాలి. రోము పరిసరాల చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలియే ఈ జ్వరానికి మూలమని నాటివారి నమ్మకం. ఫ్రెంచివారు ‘పాల్యుదీస్మ్’ అంటారు. లాటిన్‌లో ‘పాలుస్’ అంటే చిత్తడి నేల. నా దృష్టిలో ఇదే సత్యానికి దగ్గరి పేరు. దోమ పుట్టేది నీటిలోనే కదా! మనవారు కారణం జోలికి పోక, లక్షణాన్ని బట్టి చలిజ్వరం అన్నారు.

గాలిపై నింద తొలగినది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. పేరు మాత్రం మారలేదు. పాత భయమూ పూర్తిగా పోలేదు. రాత్రి గాలికి వెరచి కిటికీలు మూసి, పెరటి తొట్టిలో నీటిని వారాల తరబడి నిలవ ఉంచే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఆ నీటిలో గుడ్డు దోమగా మారడానికి సుమారు పది రోజులు చాలు.