లైసెన్సు ఎవరిని అడుగుతారు?

ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో ఎన్నికల వార్తల కోసం తిరిగిన రోజుల్లో చూసిన ఒక దృశ్యం నన్ను చాలాకాలంగా వదలలేదు. ఎన్నికల ప్రకటనకు ఇంకా కొన్ని వారాల వ్యవధి ఉంది. ఒక చిన్న పట్టణపు కూడలిలో, టీ కొట్టు ముందు ఒక పెద్ద వాహనం ఆగింది. దిగిన పెద్దమనిషి తెల్ల కుర్తా మీద తోలు బెల్టు, దానికి వేలాడే ఒరలో రివాల్వర్. వెనకాల ఇద్దరు మనుషులు, భుజాన డబుల్ బ్యారెల్ తుపాకులతో. కూడలిలో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. పావుగంట తిరక్కముందే అదే కానిస్టేబుల్ మోటారు సైకిల్ మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్లను ఆపి, చొక్కాలు ఎత్తించి, నడుములు తడిమి, సంచీ బోర్లించి చూశాడు. అక్కడివాళ్లు ‘కట్టా’ అని పిలిచే నాటు పిస్తోలు ఉందేమోనని అనుమానం. ఏమీ దొరకలేదు. వెళ్లమన్నాడు. ఎదురుగా కనిపిస్తున్న ఆయుధాన్ని గురించి ఒక్క ప్రశ్నయినా వేయని మనిషి, కనిపించని ఆయుధం కోసం అంతసేపు వెతికాడు.

ఆ కానిస్టేబుల్‌కు అధికారం లేదా అంటే, ఉంది. 1959 నాటి ఆయుధ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఆయుధం ధరించి తిరిగే ఎవరినైనా ఆపి లైసెన్సు చూపించమని ఏ పోలీసు అధికారి అయినా అడగవచ్చు. చూపించలేకపోతే పేరు, చిరునామా చెప్పమనవచ్చు, ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పేరు చెప్పకపోయినా, పారిపోతాడనిపించినా వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. ‘ఎవరినైనా’ అన్న ఆ ఒక్క మాట మన చట్టంలోకి రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. అంతకుముందు చట్టంలో ఆ మాట స్థానంలో ఏముండేదో చూస్తే తప్ప కూడలిలో నేను చూసినది అర్థం కాదు.

1857 తిరుగుబాటు అణచివేత తర్వాత బ్రిటిష్ పాలకులు చేసిన మొదటి పనుల్లో జనం దగ్గర ఆయుధాలు లాక్కోవడం ఒకటి. మొదట తాత్కాలిక చట్టాలతో, ప్రాంతాలవారీ ఉత్తర్వులతో నడిపించారు. దేశం మొత్తానికి శాశ్వతమైన కట్టడి 1878లో వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చింది. అదే ఏడాది, అదే మార్చి నెలలో దేశభాషా పత్రికల నోరు నొక్కే చట్టం కూడా వచ్చిందన్నది నా వృత్తిలో ఉన్నవాడు మరచిపోకూడని విషయం. నాలుగేళ్లలో రిప్పన్ వచ్చి పత్రికల చట్టాన్ని రద్దు చేశాడు. ఆయుధాల చట్టం జోలికి మాత్రం ఆ ఉదారవాది కూడా పోలేదు.

ఆ చట్టంలోని 13వ సెక్షన్ వీధికి సంబంధించినది. లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధం ధరించి తిరగరాదు. తిరిగితే మేజిస్ట్రేటు గాని, పోలీసు అధికారి గాని అక్కడికక్కడే నిరాయుధుణ్ణి చేయవచ్చు. ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు. ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు. కత్తి, బాకు, బల్లెం, చివరికి విల్లంబులు కూడా ఆ నిర్వచనంలో చేరాయి. అయితే అసలు రహస్యం చట్టంలో కంటే దాని కింద చేసిన నియమాల్లో, మినహాయింపుల జాబితాలో ఉంది. యూరోపియన్లకు, యూరేషియన్లకు లైసెన్సు అక్కర్లేదు. కలకత్తా వీధిలో నడుముకు రివాల్వర్ పెట్టుకుని నడిచే దొరను పోలీసు జవాను ఆపి ఏమీ అడగనక్కర్లేదు, అడగడానికి వీల్లేదు కూడా. అదే రివాల్వర్ ఒక భారతీయుడి నడుముకు ఉంటే అడగడమే అతని విధి. అంటే అడగాలా వద్దా అని తేల్చుకోవడానికి జవాను ముందుగా చూడవలసింది మనిషి ఒంటి రంగు.

రంగుతో పాటు విధేయతకూ ఒక ధర కట్టారు. కొడగు ప్రాంతంలో కొడవలకు 1861లోనే అప్పటి చీఫ్ కమిషనర్ మార్క్ కబ్బన్ మినహాయింపు ఇచ్చాడు, వారి రాజభక్తికి మెప్పుగా. కైల్ ముహూర్త పండుగనాడు తుపాకులకు పూజచేసే ఆ సమాజానికి ఆ మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ కొనసాగింది. 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్లు పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. కొడవలకు అది సంస్కృతిలో భాగమనడంలో నాకు సందేహం లేదు. దాని పుట్టుక మాత్రం ఒక సామ్రాజ్యపు లెక్కల పుస్తకంలో ఉంది.

ఈ అవమానం చదువుకున్న భారతీయులకు త్వరగానే తగిలింది. 1887లో మద్రాసులో బద్రుద్దీన్ త్యాబ్జీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ ఆయుధ చట్టాన్ని సవరించమని తీర్మానించింది. అప్పటి కాంగ్రెస్ భాష వినయపూర్వకమైనది. జనం విధేయులు, చట్టంవల్ల ఇబ్బందులు పడుతున్నారు, పైగా అది వారిపై అకారణంగా మచ్చ వేస్తోంది అన్న ధోరణి. ముప్ఫై ఏళ్ల తర్వాత గాంధీ గొంతు ఇంకా గట్టిగా వినిపించింది. 1918లో ఖేడా జిల్లాలో ఆయన సైన్యంలో చేరమని ప్రచారం చేస్తూ పంచిన కరపత్రంలో, బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనులన్నింటిలో జాతిని నిరాయుధం చేసిన చట్టాన్నే చరిత్ర అతి నీచమైనదిగా లెక్కిస్తుందన్నారు. అహింసావాది ఈ మాట అన్నాడా అని ఈనాటికీ కొందరు ఆశ్చర్యపోతారు. 1930లో ఉప్పు సత్యాగ్రహానికి ముందు ఆయన ప్రకటించిన 11 డిమాండ్లలోనూ ఆత్మరక్షణ కోసం, ప్రజల అదుపుకు లోబడి, తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. మరుసటి ఏడాది కరాచీ కాంగ్రెస్ ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ప్రతి పౌరుడికీ ఉండాలన్న అంశం చేరింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సవరించిన నియమాల్లో జాతి ప్రాతిపదికన మినహాయింపును తొలగించారు. సంస్థానాధీశులు, బిరుదులు పొందినవారు, పెద్ద జమీందారులు, శాసన మండళ్ల సభ్యులు మాత్రం మినహాయింపు జాబితాలో మిగిలారు. రంగు పోయి హోదా వచ్చింది. లైసెన్సు అడగనక్కర్లేని మనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడు వారిలో నల్లవారూ చేరారు, అంతే.

మన్యంలో ఈ జాబితాకు బయట ఉన్నవారు ఏం చేశారో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, ఆ తర్వాత వరుసగా రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడులు తుపాకుల కోసమే. తీసుకుపోయిన ఆయుధాల వివరం రాసి, సంతకం చేసి మరీ వెళ్లాడు. తర్వాత ముందుగానే కబురు పెట్టి దాడికి వెళ్లే ‘మిరపకాయ టపా’ గురించి మన ఇళ్లలో కథలుగా చెప్పుకున్నాం. పోలీసు ప్రజల్ని అడగవలసిన లెక్కను ఆయన పోలీసుకు రాసిచ్చాడు.

ఇటు నిజాం రాజ్యంలో కథ మరో రకంగా నడిచింది. అక్కడ తుపాకీ గడీలో ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళుతున్న సంఘం కార్యకర్తల మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపినప్పుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఎదుటివారి చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు. రెండేళ్లు తిరిగేసరికి రజాకార్లు తుపాకులు పట్టుకుని బహిరంగంగా ఊళ్లమీద పడ్డారు. వారి వెంట పోలీసులు కూడా ఉండేవారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిని చుట్టుముట్టినప్పుడు రెండు వర్గాలూ కలిసే ఉన్నాయి. ఆయుధం ధరించిన పౌరుడూ పోలీసూ ఒకరినొకరు ప్రశ్నించుకోవలసినవారు. ఒకే పక్షాన నిలబడినప్పుడు ఏమవుతుందో ఆ ఊరి బురుజు చూసినవారికి తెలుస్తుంది.

ఈ నేపథ్యాన్ని మనసులో పెట్టుకుని 1948 డిసెంబరు మొదటి రెండు రోజుల రాజ్యాంగ సభ చర్చను చదవాలి. హైదరాబాద్ మీద సైనిక చర్య ముగిసి రెండున్నర నెలలైంది. ప్రార్థన సభలో జనం మధ్య నుంచి వచ్చిన ఒక పిస్తోలు గాంధీని బలి తీసుకుని పదినెలలైంది. కరాచీ తీర్మానపు మాటనే గుర్తుచేస్తూ, చట్టం విధించే నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కును ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. దుండగులకు, దొంగలకు కూడా ఈ హక్కు ఇద్దామా అని అంబేద్కర్ అడిగారు. ఎవరికి తోచినట్టు వారు బజారుకెళ్లి ఆయుధం కొనుక్కుంటే రాజ్యం ఎలా నడుస్తుందన్నారు. పాత చట్టం మీద మన కోపం అది పాటించిన వివక్ష మీద కోపమని, ఇప్పుడు నొక్కిచెప్పవలసింది ఆయుధం ధరించే హక్కును కాదని, దేశానికి ఆపద వచ్చినప్పుడు ధరించవలసిన బాధ్యతనని వివరించారు. సవరణ వీగిపోయింది. చివరికి రాజ్యాంగంలో మిగిలింది దానికి ఎదురు మాట: 19వ అధికరణం కింద శాంతియుతంగా, నిరాయుధంగా సమావేశమయ్యే హక్కు. సిక్కుల కృపాణానికి 25వ అధికరణం వివరణలో చోటు దొరికింది.

అంబేద్కర్ ప్రశ్న సరైనదేనని నా అభిప్రాయం. నేను తుపాకీ హక్కు వాదిని కాను. అమెరికాలో జరుగుతున్నది చూస్తూ కావాలని కోరుకోలేను. కాని హక్కు లేదన్నాక, మిగిలిన అనుమతి అందరికీ ఒకే కొలతతో దొరకాలి కదా. 1959 చట్టం రాసినవారికి ఆ స్పృహ ఉంది. లైసెన్సు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలన్నారు, అప్పీలుకు అవకాశమిచ్చారు. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం 14వ సెక్షన్‌లో ఉంది: తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదు. పాత జాబితాల్లోని జమీందారులను గుర్తుపెట్టుకుని రాసిన వాక్యమది.

ఆచరణలో ఏం జరిగింది? 2016 చివరికి దేశంలో సుమారు 33.7 లక్షల లైసెన్సులు ఉంటే, అందులో 12.7 లక్షలకు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే ఉన్నాయి. ప్రాణభయం కలెక్టరు కార్యాలయపు దరఖాస్తులో రాసే కారణం. కాన్పూర్ ఆయుధ కర్మాగారంలో తయారైన .32 రివాల్వర్ పెళ్లిళ్లలో, పంచాయితీల్లో, ఫొటోల్లో కనిపిస్తుంది. 2016 నియమాలు బహిరంగ స్థలాల్లో తుపాకీ ఝళిపించడాన్ని నిషేధించాయి. 2019 సవరణ ఒక మనిషికి ఉండగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు పెట్టింది. కాగితం మీద వీటిలో తప్పు పట్టవలసింది లేదు. వీటిని అమలు చేయవలసిన చోట మాత్రం ఒక కానిస్టేబుల్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. కుర్తా మీద బెల్టు కట్టుకున్న మనిషి ఎమ్మెల్యే అవుతాడో, ఎమ్మెల్యేకు బావమరిదో, రేపు తన బదిలీ ఎవరి చేతిలో ఉంటుందో అతనికి తెలుసు. 1878లో జవాను రంగు చూసి నిర్ణయించుకుంటే, ఇతను వాహనం, దాని మీది జెండా చూసి నిర్ణయించుకుంటాడు.

ఎన్నికల ప్రకటన వచ్చాక అదే పట్టణానికి మళ్లీ వెళ్లాను. లైసెన్సు తుపాకులను పోలింగు ముగిసేదాకా పోలీసు స్టేషన్లలో జమ చేయాలన్న ఆదేశం వెలువడింది. స్టేషన్ వరండాలో రైటర్ రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్క తుపాకీ నంబరు రాసుకుంటున్నాడు. ఎక్కువమంది రైతులు, పాతకాలపు ఒంటి గొట్టం తుపాకులు, గోనె గుడ్డలో చుట్టి తెచ్చారు. వరుసలో గంటకు పైగా నిలబడ్డారు. కూడలిలో నేను చూసిన పెద్దమనిషి పేరు చెప్పి, ఆయన ఆయుధం వచ్చిందా అని రైటర్‌ను అడిగాను. ఆయన ప్రాణానికి ముప్పు ఉందని కమిటీ మినహాయింపు ఇచ్చింది, ఆయన తీసుకురానక్కర్లేదు అన్నాడు. అని, గోనె గుడ్డ విప్పుతున్న తర్వాతి రైతును లైసెన్సు పుస్తకం చూపించమన్నాడు.