అర్జెంటీనా నియంతృత్వానంతర సాహిత్యంలో యూదుల స్మృతి

అర్జెంటీనాలో 1976 నుండి 1983 వరకు సాగిన సైనిక నియంతృత్వం ముగిసిన తరువాత ఆ దేశపు యూదు రచయితలు వెలువరించిన నవలలు, కవితలు, సాక్ష్య రచనలలో రెండు స్మృతులు పెనవేసుకొని కనిపిస్తాయి. మొదటిది ఐరోపాలో నాజీలు జరిపిన యూదుల సామూహిక హననం (హోలోకాస్ట్). రెండవది సైనిక ప్రభుత్వం అపహరించి మాయం చేసిన ఆత్మీయుల స్మృతి. శవమైనా దొరకని మరణానికి ఎట్లు దుఃఖించాలి అన్నది ఈ రచనలకు మూలమైన ప్రశ్న.

నేపథ్యం

19వ శతాబ్దపు చివరి దశకాల నుండి రష్యా, పోలండు, ఉక్రెయిన్ ప్రాంతాల యూదులు అర్జెంటీనాకు వలస వచ్చారు. లాటిన్ అమెరికాలో అతి పెద్ద యూదు సమాజం ఇదే. 1976 మార్చి 24న సైన్యం అధికారాన్ని హస్తగతం చేసుకొనగా జనరల్ హోర్హే విదేలా అధ్యక్షుడయ్యాడు. కార్మిక నాయకులు, విద్యార్థులు, పాత్రికేయులు రహస్య నిర్బంధ కేంద్రాలకు తరలింపబడ్డారు. అనేకులను విమానాల నుండి సముద్రంలోకి పడవేశారు. ఇట్లు మాయమైనవారిని స్పానిష్ భాషలో 'దెసపరెసిదోస్' అంటారు.

1983 డిసెంబరు 10న రౌల్ అల్ఫోన్సిన్ అధ్యక్షుడు కావడంతో ప్రజాస్వామ్యం తిరిగి వచ్చింది. రచయిత ఎర్నెస్తో సాబతో అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం 1984లో 'నుంకా మాస్' (ఇక ఎన్నడూ వద్దు) అను నివేదికను సమర్పించింది. యూదు మతగురువు మార్షల్ మేయర్ ఈ సంఘంలో ఒక సభ్యుడు. మాయమైనవారి సంఖ్యను నివేదిక 8,960గా నమోదు చేయగా, మానవ హక్కుల సంఘాలు 30,000 అని చెబుతాయి. జనాభాలో యూదులు సుమారు ఒక శాతమే అయినను బాధితులలో వారి పాలు అంతకు అనేక రెట్లు. యూదు ఖైదీలను ప్రత్యేకించి హింసించారనీ, హిట్లరును కీర్తించమని బలవంతపెట్టారనీ సాక్షులు చెప్పారు.

సాహిత్యం సాక్ష్యంగా మారిన కారణం

1985లో సైనిక పాలకులపై విచారణ జరిగి శిక్షలు పడ్డాయి. కాని 1986, 1987 సంవత్సరాలలో చేసిన చట్టాలు తదుపరి విచారణలను చాలావరకు నిలిపివేశాయి. 1989, 1990లలో అధ్యక్షుడు కార్లోస్ మెనెం క్షమాభిక్ష ప్రకటించడంతో శిక్షపడిన సేనానులు విడుదలయ్యారు. పార్లమెంటు ఆ చట్టాలను 2003లో రద్దు చేయగా, అవి రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2005లో ప్రకటించింది. ఈ నడుమ, న్యాయస్థానంలో చెప్పే వీలులేని సాక్ష్యాన్ని సాహిత్యం మోసింది. 1994 జూలై 18న బ్యూనస్ ఐర్స్‌లోని యూదు సమాజ కేంద్రంపై జరిగిన బాంబుదాడిలో 85 మంది మరణించడం పాత గాయాన్ని మళ్ళీ రేపింది.

ముఖ్య రచయితలు, రచనలు

హకోబో టిమర్మన్ (1923–1999): 'లా ఒపినియోన్' పత్రిక స్థాపకుడు. 1977లో నిర్బంధింపబడి, 1979లో పౌరసత్వం కోల్పోయి దేశం నుండి బహిష్కృతుడయ్యాడు. 1981లో ప్రచురించిన చెరసాల జ్ఞాపకాలలో, సైనికాధికారుల యూదు ద్వేషాన్ని వర్ణించడమే గాక స్థానిక యూదు పెద్దల మౌనాన్ని కూడా తీవ్రంగా విమర్శించాడు. తరువాతి రచనలకు ఇది దారి చూపింది.

హువాన్ హెల్మన్ (1930–2014): ఉక్రెయిన్ నుండి వచ్చిన యూదు కుటుంబంలో జన్మించిన కవి. 1976లో ఇతని కుమారుని, గర్భవతియైన కోడలిని అపహరించారు. కుమారుని అవశేషాలు 1990లో గుర్తింపబడ్డాయి. బందీగా ఉన్న కోడలికి పుట్టిన మనుమరాలి ఆచూకీ 2000లో ఉరుగ్వే దేశంలో లభించింది. 1492లో స్పెయిన్ నుండి వెళ్ళగొట్టబడిన యూదుల భాష లదీనో. అది తన పూర్వుల భాష కాకపోయినా, హెల్మన్ ఆ భాషలో 'దిబాషు' (1994) కవితలను రాశాడు. ప్రవాసి అయిన కవి బహిష్కృతుల భాషను ఆశ్రయించడం ఇందలి విశేషం. 2007లో ఇతనికి సెర్వాంతెస్ పురస్కారం లభించింది.

సెర్హియో చెఫెక్ (1956–2022): పోలండులో తన వారినందరినీ కోల్పోయి, ఆ విషయం నోరు విప్పి చెప్పని తండ్రి కథ 'లెంతా బియోగ్రఫియా' (1990). అపహరింపబడిన బాల్యమిత్రుని స్మృతి 'లోస్ ప్లానెతాస్' (1999).

నోరా స్ట్రెహిలేవిచ్ (జ. 1951): 1977లో నిర్బంధ కేంద్రం నుండి ప్రాణాలతో బయటపడింది. ఆమె సోదరుడు తిరిగి రాలేదు. స్వీయానుభవాన్ని ఇతర బాధితుల మాటలతో జోడించి 1997లో 'ఉనా సోలా ముయెర్తె నుమెరోసా'ను ప్రచురించింది.

మనువెలా ఫింగెరెట్ (1945–2013): 'ఇహా దెల్ సిలెన్సియో' (1999) నవలలో నౌకాదళపు నిర్బంధ కేంద్రంలోని కుమార్తె, నాజీల తెరెజీన్ శిబిరంలో తన తల్లి గడిపిన జీవితాన్ని ఊహించుకుంటుంది.

పొరుగు దేశమైన ఉరుగ్వేలోను ఇటువంటి రచన కలదు. నాటకకర్త మౌరిసియో రోసెన్‌కోఫ్ 1972 నుండి 1985 వరకు ఖైదులో గడిపాడు. పోలండులోని బంధువుల నుండి తండ్రికి ఉత్తరాలు ఆగిపోయిన బాల్యాన్ని, తన ఒంటరి గదిని 'లాస్ కార్తాస్ కె నో యెగారోన్' (2000) నవలలో ఒకచోట చేర్చాడు.

పోలికలోని పరిమితి

ఈ రెండు ఘోరాలు సమానం కావు. నాజీలు యూదులను పుట్టుకను బట్టి చంపగా, అర్జెంటీనా సైన్యం ప్రధానంగా రాజకీయ కారణాలతో చంపింది. బాధితులలో అధికులు యూదులు కారు. కావున ఒకదానిని మరొకదానికి నకలుగా చూపితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. పై రచనలలో మేలైనవి ఈ తేడాను చెరపలేదు. తల్లిదండ్రుల మౌనంలో పెరిగినవారు, తమ తరపు మౌనాన్ని త్వరగా గుర్తుపట్టగలిగారు అన్నదే వాటి సారం.

భారతీయ సందర్భం

భారతదేశంలో అత్యవసర పరిస్థితి (1975–1977) కాల పరిమాణంలోను, తీవ్రతలోను వేరైనను, ఇటువంటి ప్రశ్నలనే మిగిల్చింది. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పులలో మరణించారు. అది ఎదురుకాల్పుల ఘటన కాదని 1977లో తార్కుండే కమిటీ నివేదించింది. 1976లో కేరళలో పోలీసులు పట్టుకుపోయిన ఇంజనీరింగు విద్యార్థి రాజన్ మృతదేహం నేటికీ లభింపలేదు. అతని తండ్రి ఈచర వారియర్ మలయాళంలో రాసిన జ్ఞాపకాలు, కుమారుని కొరకు హెల్మన్ రాసిన కవితల వలె, అంత్యక్రియలకు నోచుకోని బిడ్డకు తండ్రి అక్షరాలతో చేసిన కర్మకాండ అని చెప్పవచ్చు.