ఉత్తర తెలంగాణలో క్యాన్సర్ రోగులకు దూరవైద్యం

ఫోన్, వీడియో కాల్, ఇంటర్నెట్ ద్వారా దూరాన ఉన్న డాక్టరుకు రోగిని చూపించే పద్ధతి దూరవైద్యం, వాడుకలో టెలిమెడిసిన్. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల క్యాన్సర్ రోగులకు దీని అవసరం ఎంతో ఉంది. ప్రభుత్వ రంగంలో వీరికి పెద్ద దిక్కు 1955లో మొదలైన హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. అది కరీంనగర్‌కు 160 కిలోమీటర్లకు పైగా, ఆదిలాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరం. కీమోథెరపీ (కీమో) ఒక్కసారితో అయిపోదు, చాలామంది రెండు మూడు వారాలకోసారి వెళ్లాలి. తీరా వెళ్లాక రక్త పరీక్షలో తెల్లకణాలు తగ్గాయని తేలితే ఆ విడత వాయిదా పడుతుంది. రోగీ, తోడు వచ్చిన మనిషీ కూలి పోగొట్టుకుని తిరుగు బస్సెక్కాల్సిందే. ఊరి దగ్గరే పరీక్ష చేయించి, రిపోర్టు ముందురోజే ఫోన్‌లో డాక్టరుకు చూపగలిగితే ఆ తిప్పలు తప్పుతాయి.

తెలుగు నేలపై ఈ పద్ధతికి తొలి గుర్తింపు తెచ్చిన ఊరు చిత్తూరు జిల్లా అరగొండ. అక్కడి అపోలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. మరుసటి ఏడాది నుంచి ఇస్రో ఉపగ్రహాల ద్వారా మారుమూల ఆసుపత్రులను నగరాలతో కలిపింది. దానికి డిష్ యాంటెన్నా, ప్రత్యేక పరికరాలు కావాల్సి రావడంతో గూడేల దాకా చేరలేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం పేదల చికిత్స ఖర్చు భరించింది కానీ దూరాన్ని తగ్గించలేకపోయింది.

అసలు మలుపు 2020 మార్చి 25. దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైన ఆ రోజే కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. అంతకుముందు ఏడాదే మొదలైన కేంద్ర ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని 2020 ఏప్రిల్‌లో ఇంటినుంచే డాక్టరుతో మాట్లాడే వీలు కల్పించింది. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కరోనా కాలంలో దూరవైద్యానికి ఇచ్చిన సడలింపులను గడువు ముగిసినప్పుడల్లా పొడిగించాల్సి వచ్చింది, 2025 అక్టోబరు 1 నుంచి అవి కొంతకాలం ఆగిపోయాయి కూడా. మన మార్గదర్శకాలకు అలాంటి గడువు లేదు.

మన అడ్డంకులు వేరు. మార్గదర్శకాల ప్రకారం మార్ఫిన్ వంటి మాదక ఔషధాలను వీడియో కాల్‌లో రాయకూడదు. దుర్వినియోగం భయం అర్థమయ్యేదే. అయినా ముదిరిన క్యాన్సర్ నొప్పితో మంచం దిగలేని మనిషికి అత్యవసరమైన మందు అదే. 2014లో మాదక ద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం సులువు చేశారు. ఆ వెసులుబాటు నొప్పి నివారణ కేంద్రాల ద్వారా రోగి ఇంటి దాకా రావాలి. ఇక రెండో అడ్డంకి, ఆదిలాబాద్ ఏజెన్సీలో ఫోన్ సిగ్నల్ అందని గూడేలున్నాయి. గోండి, కొలామి భాషలు మాత్రమే వచ్చిన పెద్దల బాధను డాక్టరుకు తెలుగులో చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఆ పనికి ఊరి ఆశా కార్యకర్తకు మించినవారు లేరు. ఆమెకు ఫోన్, రీఛార్జి, శిక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత.

ఒక్క జాగ్రత్త. కీమో నడుస్తున్నవారికి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం వస్తే వీడియో కాల్ కోసం ఆగకుండా వెంటనే దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.